మన అంశం కాని గోడ

పోయిన ఆదివారం పొద్దున కాఫీ తాగుతుంటే మా ఆయన పేపరు మడిచి నా ముందు పెట్టి, "ఇది నీ వాక్యమే కదూ?" అన్నారు. జిల్లా పేజీలో ఒక రంగుల ఫొటో. సముద్రంలో, ఒడ్డుకి కాస్త లోపలగా, సిమెంటు వరల బావి ఒకటి నిలబడి ఉంది. బావి అంటే నేలలో గుంట కదా, ఇది మాత్రం పొగగొట్టంలాగా అలల్లోంచి పైకి లేచి ఉంది. చుట్టూ ఉన్న నేలంతా కోసుకుపోతే చివరికి బావి అలాగే మిగులుతుంది. ఫొటో కింద పెద్దక్షరాలతో "భూమి వేడెక్కుతోంది, సముద్రం ఉబ్బుతోంది, తీరం తగ్గుతోంది" అని వేశారు. వాక్యం నాదే. ఆ మూడు ముక్కలు కూర్చడానికి నేను నాలుగు రోజులు తంటాలు పడ్డాను, పామరులకి అర్థం కావాలి, పండితులు తప్పు పట్టకూడదు అని. పేరు వెయ్యలేదు, మంచిపని చేశారు. "మూడు ముక్కలూ నిజమే కదా, ఎందుకట్లా మొహం పెడతావు?" అన్నారు మా ఆయన. ఆయన లెక్కల మాస్టారుగా పని చేసి రిటైరైన మనిషి. ఏ ముక్కకాముక్క నిజమైతే చాలు, మొత్తం కూడా నిజమే అవుతుందని ఆయన నమ్మకం. ఆ బావి నాకు తెలుసు. దాని నీళ్ళతో ఎన్నోసార్లు కాళ్ళు కడుక్కున్నాను, దాని గట్టు మీద కూర్చుని వేడి వేడి టీ తాగాను. అది సముద్రంలోకి ఎట్లా పోయిందో కూడా తెలుసు.

నేను కావలిలో ముప్పై ఏళ్ళకి పైగా ఫిజిక్సు చెప్పాను. పుట్టింది దొరవారిసత్రం దగ్గర వరి పండించుకునే ఇంట్లో. ఊరికి అంత దగ్గరలో పులికాటు సరస్సు ఉన్నా, దానవతల సముద్రం ఉన్నా, మా వాళ్ళకి మడి తప్ప వేరే నీళ్ళు కనపడేవి కావు. చేపలు మాత్రం గంపలో ఇంటిముందుకి వచ్చేవి, అమ్మే మనిషి ఎక్కడి నుంచి నడిచి వచ్చిందో అడిగినవాళ్ళు లేరు. అటువంటి ఇంట్లో పుట్టిన నేను రిటైరయ్యాక సముద్రం గురించి సముద్రం ఒడ్డున ఉండేవాళ్ళకే పాఠాలు చెప్పడానికి బయల్దేరానంటే ఇప్పుడు నాకే నవ్వొస్తుంది. ఒక పరిశోధన సంస్థ వాళ్ళు మూడు నాలుగేళ్ళ ప్రాజెక్టు తెచ్చారు. వాతావరణం ఎందుకు మారుతోంది, సముద్రం ఎందుకు మారుతోంది, అది తీరపు జనానికి వాళ్ళ భాషలో చెప్పాలి. వాళ్ళ దగ్గర పటాలున్నాయి, కంప్యూటర్లున్నాయి, భాష లేదు. ప్రాజెక్టు పెద్ద, ఆయన్ని మేమంతా పెద్ద సారు అనేవాళ్ళం, ఎంతో మర్యాదస్తుడు. తెలుగువాడే అయినా తెలుగులో ఒక వాక్యం మొదలుపెడితే క్రియ దగ్గరికి వచ్చేసరికి ఇంగ్లీషులో తేలేవాడు. ఎవరో నా పేరు చెప్పారట, ఆవిడ పాఠం చెబితే వెనక బెంచీ కూడా నిద్రపోదని. అది పచ్చి అబద్ధం, కానీ నేను ఖండించలేదు.

నిజం ఒప్పుకోవాలంటే ఆ పని నాకు తెగ నచ్చింది. ముప్పై ఏళ్ళు నల్లబోర్డు మీద రాసి చెరిపిన మనిషిని. ఒక్కరోజూ ఎవరూ ఇంటికి కారు పంపలేదు. ఇప్పుడు, రిటైరయ్యాక మేం చేరిన నెల్లూరులో, మా గుమ్మం ముందు కారు ఆగేది, డ్రైవరు దిగి తలుపు తీసేవాడు, ఎదురింటి వాళ్ళు కిటికీలోంచి చూసేవాళ్ళు. పేపర్లో "శాస్త్రవేత్త" అని వేశారు. నేను శాస్త్రవేత్తను కాదు, పాఠం చెప్పేదాన్ని, అని ఫోన్ చేసి చెబుదామనుకున్నాను. చెప్పలేదు. ఇట్లా చెప్పకుండా ఉండటం అప్పట్నించే అలవాటైందేమో.

వారానికొకసారి మేం వెళ్ళిన పల్లెల్లో ఒక పాళెం ఉంది. పేరు రాయను. వలలు, ఫైబర్ బోట్లు, ఇసుక మీద ఆరబోసిన చేపలు, తుఫాను షెల్టరు పక్కన చిన్న గుడి, నలభై యాభై ఇళ్ళు. మొదటి రోజు షెల్టరు వరండాలో నా సామాను పరిచాను. నా దగ్గర ఒక గాజు సీసా ఉండేది. దాన్నిండా ఎర్రరంగు కలిపిన నీళ్ళు, మూతకి బెజ్జం పెట్టి అందులో ఖాళీ పెన్ను రీఫిల్ బిగించి ఉంటుంది. సీసాని వేణ్ణీళ్ళ గిన్నెలో పెడితే లోపలి నీళ్ళు ఉబ్బి రీఫిల్‌లోకి సర్రున ఎక్కుతాయి. సముద్రం కూడా వేడెక్కితే ఇట్లాగే ఉబ్బుతుందని చెప్పి, అందరి మొహాలూ చూసి మురిసిపోవడం నాకు అలవాటు. ఆ రోజు అందరూ "అబ్బా" అన్నారు. ఒకామె మాత్రం అనలేదు. నాకంటే నాలుగైదేళ్ళు పెద్దది, చామనఛాయ, చేపల గంప పక్కన పెట్టుకుని గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. లేచి వచ్చి సీసాని చుట్టూ తిరిగి చూసింది.

"టీచరమ్మా, నీ సీసాకి మెడ సన్నం. అందుకని రవ్వంత నీళ్ళు ఉబ్బినా జానెడు ఎక్కినట్టు కనపడతాండాది. మా సంద్రానికి అంత సన్న మెడ యాడుండాది?"

నా ఉద్యోగం మొత్తంలో ఆ ప్రశ్న ఒక్క విద్యార్థీ అడగలేదు. సీసా పక్కన పెట్టి చెప్పాను: సముద్రానికి మెడ లేదు, నిజమే, కానీ లోతుంది. అంత లోతు నీళ్ళు రవ్వంత వేడెక్కినా ఉబ్బినదానికి కిందికి చోటు లేదు, పక్కలకి ఒడ్డుంది, పైకే రావాలి. ఏడాదికి వచ్చేది కంటికి ఆననంత. ఆగకుండా రావడమే దాని సంగతి. పైగా ఎక్కడో మంచు కరిగి ఆ నీళ్ళూ తోడవుతాయి. ఆమె అంతా విని, "అయితే ఈ మాట చెప్తే పోయె గదా, సీసా ఎందుకు?" అంది. అందరూ నవ్వారు, నేను కూడా నవ్వాను. ఆ రోజు నుంచి ఆమె నాకు అక్క. ఎన్ని పల్లెలు తిరిగినా, ఆ పాళెం వంతు వచ్చే రోజు కోసం ఎదురు చూసేదాన్ని.

అక్క మొగుడు సముద్రంలోకి వెళ్ళి వచ్చేవాడే, మోకాళ్ళు పట్టేసి మానుకున్నాడు. కూతుర్ని దక్షిణాన నాలుగు మైళ్ళ దూరంలో ఉన్న మరో పాళేనికి ఇచ్చారు. అల్లుడికి సొంత బోటుంది. ఇల్లు ఆమె చేతి మీదే నడిచేది. బడికి వెళ్ళింది రెండేళ్ళో మూడేళ్ళో. నాకు సముద్రం చెప్పింది మాత్రం ఆమే. ఇసుక నడుస్తుందని ఆమె చెప్పేదాకా నాకు తెలియదు. తెలుసు, పుస్తకంలో రెండు పేజీల సూత్రాలుంటాయి, కానీ తెలియదు. ఒడ్డున నిలబెట్టి, కాలి కింది నుంచి జారే ఇసుకని చూపించి చెప్పింది.

"ఇది యాడా నిలబడదు. దక్షిణం గాలి తోలినన్నాళ్ళు ఉత్తరంగా పోతాది. గాలి తిరిగినాక రొంత ఎనక్కి వస్తాది. పొయ్యేదే ఎక్కువ. అయినా మా ఒడ్డు ఎందుకు తరగలా? పొయ్యినదాని బదులు దక్షిణం నుంచి కొత్తది వస్తాండాది గాబట్టి. ఏరు పారినట్టే. నీళ్ళు పోతా ఉంటే ఏరు పోయినట్టా?"

నేను ఆ రోజు ఇంటికి వచ్చి నా పాఠం కాగితాలు చించేసి మళ్ళీ రాసుకున్నాను. తర్వాత ఏ ఊళ్ళో ఇసుక గురించి చెప్పినా అక్క మాటలే చెప్పాను, జనం వెంటనే తలలూపేవాళ్ళు. వాళ్ళ సొమ్ము వాళ్ళకే తిరిగిచ్చి పేరు నేను తెచ్చుకున్నాను.

రెండో ఏడు ఒకరోజు ఆఫీసులో పెద్ద సారు బల్ల మీద ఒక పటం పరిచి ఉంది. మా తీరమే. దక్షిణపు పాళెం దగ్గర ఒడ్డు నుంచి సముద్రంలోకి పొడుగ్గా ఒక గీత, కొడవలిలాగా చివర వంగి ఉంది. బోట్లు ఆగడానికి రాళ్ళతో కడుతున్న గోడ అది. ఆ గోడ వాళ్ళకి ఊరికే రాలేదు. ఒడ్డు దగ్గర విరిగే అలల్లో బోట్లు తిరగబడి ఆ పాళెంలో మనుషులు పోయారు, ఏళ్ళ తరబడి తిరిగి తిరిగి అడిగి సాధించుకున్నారు. అక్క అల్లుడు కూడా ఆ తిరిగినవాళ్ళలో ఒకడు. పటంలో గోడకి దక్షిణాన తీరం పసుపు రంగు, ఉత్తరాన ఎరుపు రంగు. ఆ ఎరుపు మధ్యలో చిన్న చుక్క మా అక్క పాళెం. నాకు అడక్కుండానే అర్థమైంది, అయినా అడిగాను. పెద్ద సారు ఓపిగ్గా చెప్పారు. దక్షిణం నుంచి వచ్చే ఇసుక గోడ దగ్గర ఆగిపోతుంది, అక్కడ ఒడ్డు పెరుగుతుంది. ఇవతల పాళెంలో ఉన్న ఇసుక మామూలుగానే ఉత్తరానికి వెళ్ళిపోతుంది, బదులు మాత్రం రాదు. ఒడ్డు కోసుకుపోతుంది. సముద్రమట్టం పెరగడంతో పోలిస్తే ఇది ఎన్నో రెట్లు వేగం.

"దీనికి మార్గం లేదా సార్?" అన్నాను.

"ఎందుకు లేదు? అటు పేరుకున్న ఇసుకని తవ్వి ఏటేటా ఇటు పొయ్యాలి. చాలా దేశాల్లో చేస్తారు. కానీ ఎవరు పొయ్యాలి? కారణం ఎవరిదని తేలితే వాళ్ళు." ఆయన పటం చుట్టేశారు. "ఇది మనం వేరే వాళ్ళ కోసం చూసిపెట్టింది మేడమ్. ఇంకా చిత్తుప్రతి. మన ప్రాజెక్టు వాతావరణ మార్పు. గోడ మన అంశం కాదు."

మన అంశం కాదు. ఆ మాట ఎంత సుఖమైన మాటో అనుభవించినవాళ్ళకి తెలుస్తుంది. సిలబస్‌లో లేనిది చెప్పకపోతే మాస్టారి తప్పు కాదు. ముప్పై ఏళ్ళు సిలబస్ నీడలో బతికినదాన్ని, తేలిగ్గానే ఒదిగిపోయాను. ఆయన మీద కోపం తెచ్చుకోవడానికి చాలాసార్లు ప్రయత్నించాను, కుదరలేదు. ఆయన నా దగ్గర ఏదీ దాచలేదు, అడిగితే అన్నీ చెప్పారు. దాచింది నేను.

ఆ వారమే అక్క పాళేనికి వెళ్తే ఇంటి ముందు ఇటుకలు దించుతున్నారు. పెంకుటిల్లు తీసేసి స్లాబు వేస్తోందట. ఎన్నేళ్ళుగానో అనుకుంటున్న పని. ఆమె కళ్ళలో ఆ రోజున్న వెలుగు మళ్ళీ చూడలేదు. వంటగది ఇటు, బావి అటు, వరండా సముద్రం వైపు అని నన్ను చెయ్యి పట్టుకుని తిప్పి చూపించింది. నేను ఆ ఎర్ర రంగుని కళ్ళ ముందు పెట్టుకుని నడుస్తున్నాను.

"అక్కా, కాస్త ఆగితే బాగుంటుందేమో" అన్నాను.

"ఎందుకు?"

"ఏం లేదు. ఊరికే. చూసుకుని కట్టుకుంటే మంచిదని."

ఆమె నా మొహంలోకి చూసి, "నీకు మా మీద అక్కర జాస్తి టీచరమ్మా. కట్టుకోనీ" అని నవ్వింది. కారణం లేకుండా ఆగమంటే ఎవరు ఆగుతారు? ఆ కారణం నా నాలుక మీదే ఉంది. నేను టీ తాగి కారెక్కాను. ఆగమన్నాను కదా అని దారి పొడుగునా నాకు నేను చెప్పుకున్నాను, నెల్లూరు చేరేసరికి అది సరిపోయినట్టే అనిపించింది.

ఇల్లు లేచింది, గోడా పూర్తయింది. ఏడాది తిరగలేదు. అంతకుముందు నీళ్ళ అంచు నుంచి అక్క ఇంటి వాకిలికి రావాలంటే ఆడవాళ్ళు నిండు గంప రెండుసార్లు దించి ఊపిరి తీసుకోవాల్సినంత దూరం. ఇప్పుడు ఒక్కసారి దించితే చాలు. తర్వాత దించకుండానే వచ్చేశారు. పాళేనికి ముందు వరసలో ఉన్న గుడిసెలు పోయాయి. అటు దక్షిణపు పాళెంలో కొత్తగా మైదానమంత ఇసుక తేలింది. అక్క కూతుర్ని చూడ్డానికి వెళ్ళి వచ్చి చెప్పింది.

"మా ఇసక మీద వాళ్ళ పిల్లకాయలు వాలీబాల్ ఆడతాండారు. పైకి నవ్వినా. నా మనవడు గూడా ఆడతాండాడు, ఏం చేసేది?"

అప్పుడే ఆమె నన్ను అన్నానికి పిలిచింది. మామిడికాయ వేసిన చేపల పులుసు, ముందు రోజు కాచింది, ఆ రోజుకి ఊరి ఇంకా రుచెక్కింది. నేను రెండోసారి వడ్డించుకుంటుంటే సూటిగా అడిగింది, ఇదంతా ఆ గోడ వల్లే కదా అని. కొత్త స్లాబు కింద కూర్చుని, ఆమె పెట్టిన అన్నం చేతిలో పెట్టుకుని అబద్ధం చెప్పలేకపోయాను. అవునన్నాను. చదువుకున్నవాళ్ళూ అదే అంటున్నారని, అటు ఇసుక ఇటు పోస్తే ఒడ్డు నిలుస్తుందని కూడా చెప్పాను. ఆ పటం నేను ఎప్పుడు చూశానన్నది మాత్రం చెప్పలేదు. ఆమె చెయ్యి కడుక్కోకుండా అట్లాగే కూర్చుంది.

"అంటే గోడ కట్టినోళ్ళే ఇసక ఎత్తి పొయ్యాల, అంతే గదా. గోడ తియ్యమని మేం అడగంలే, అది తీస్తే నా అల్లుడు మునుగుతాడు. ఇసక పొయ్యమంటాం. వచ్చే నెల ఆఫీసరు వస్తాండాడు, సభ పెడతారంట. మేం చెప్తే చేపలోళ్ళ మాట అంటారు. నువ్వు చెప్పు. చెప్తావా?"

"చెప్తాను అక్కా" అన్నాను. మనస్ఫూర్తిగానే అన్నాను, పులుసు చేతిలో.

సభ తుఫాను షెల్టరులో జరిగింది. మైకు, కుర్చీలు, ఆఫీసరు గారికి పూలదండ, ప్లేట్లలో జీడిపప్పు. పాళెమంతా వచ్చింది. అక్క ముందు వరసలో నేల మీద కూర్చుంది, ఉతికిన చీర కట్టుకుని. నా పక్క కుర్చీలో పెద్ద సారు. నా పేరు పిలిచేముందు ఆయన వంగి మెల్లగా అన్నారు: "మేడమ్, మన మూడో విడత పొడిగింపు ఫైలు వీళ్ళ దగ్గరే ఉంది. మన అంశం వరకే." బెదిరింపు కాదు. మర్యాదగా, నీళ్ళ గ్లాసు నా వైపు జరుపుతూ అన్నారు. నేను మైకు ముందుకి వెళ్ళాను. నా గొంతు బాగానే పలికింది. బొగ్గు, పెట్రోలు, భూమికి దుప్పటిలా కప్పుకున్న పొగ, వేడెక్కే సముద్రం, ఉబ్బే నీళ్ళు, కరిగే మంచు, బలం పుంజుకునే తుఫానులు, అన్నీ క్రమంగా చెప్పాను. ప్రతి ముక్కా నిజం. చివర ఆ మూడు ముక్కల వాక్యం చెబితే చప్పట్లు కొట్టారు. ఆఫీసరు లేచి మైకు అందుకున్నాడు.

"విన్నారు కదమ్మా. మేడమ్ గారు సైంటిస్టు, మనకన్నా వాళ్ళకి తెలుస్తుంది. ఇది మీ పాళెం సమస్య కాదు, మన జిల్లా సమస్య కాదు, ప్రపంచ సమస్య. ప్రపంచమంతా కలిసి చెయ్యాలి. మీరూ మొక్కలు నాటండి."

నేను అన్నీ నిజాలే పెట్టి ఎంత మంచి తలుపు చేసిచ్చానో, అందులోంచి ఆయన ఎంత హాయిగా బయటికి నడిచి వెళ్ళిపోతున్నాడో అప్పుడు కనిపించింది. గోడ కారణమైతే ఎవరో ఒకరు ఇసుక మొయ్యాలి. ప్రపంచం కారణమైతే ఎవరూ ఏమీ మొయ్యక్కర్లేదు. అక్క లేచి నిలబడింది.

"టీచరమ్మా, గోడ సంగతి చెప్పలా."

షెల్టరంతా నా వైపు తిరిగింది. పెద్ద సారు తన బూట్లు చూసుకుంటున్నారు. అప్పటికీ చెప్పొచ్చు. ఒక్క నిమిషం మాట. నేను మైకు దగ్గరికి జరిగి, "దాని మీద ఇంకా పరిశీలన జరగాల్సి ఉంది" అన్నాను.

"అట్నా" అంది అక్క. కూర్చుంది.

ఆ మరుసటి ఏడు ఇల్లు పోయింది. తుఫాను రాలేదు. తుఫాను వచ్చి ఉంటే నా మనసుకి ఎంతో కొంత వెసులుబాటు దొరికేది. మబ్బు లేని రోజులు, పౌర్ణమి పోటు, కాస్త పెద్ద అలలు, అంతే. మూడు రోజులు వరండా కింద ఇసుక తవ్వుకుంటూ పోయాయి. నాలుగో రోజు మధ్యాహ్నం వరండా విరిగి పడింది, వెనకే ముందు గది. మనుషులకి ఏమీ కాలేదు, ముందే బయటికి వచ్చేశారు. నాకు రెండు రోజుల తర్వాత తెలిసింది. ఈసారి కారు కోసం చూడకుండా బస్సు ఎక్కి, ఆటో మాట్లాడుకుని వెళ్ళాను. అక్క ఇసుక మీద రుబ్బురోలు పక్కన కూర్చుని ఉంది. దర్వాజా చెక్కలు ఊడదీసి పక్కన పేర్చారు. ఎదురుగా సగం ఇల్లు, గోడకి వేసిన కొత్త రంగు ఇంకా వెలిసిపోలేదు. నా వైపు తిరగకుండానే అడిగింది.

"కట్టేముందు నువ్వు ఆగమన్నావు. నేనే ఆగలా. తప్పు నాదేనని రెండు దినాలుగా అనుకుంటా ఉండా. ఒకటి చెప్పు. ఆగమన్న రోజుకే గోడ సంగతి నీకు తెలుసా?"

"తెలుసు అక్కా."

ఆమె అరవలేదు. అరిచి, జుట్టు పట్టుకుని ఉంటే బాగుండేది. "తెలిసే, ఊరికే అన్నావా" అంది. అని, లేచి చెక్కలు ఎత్తుకుంటున్న మొగుడికి చెయ్యి అందించడానికి వెళ్ళిపోయింది. నేను సాయం చేద్దామని ఒక చెక్క పట్టుకోబోతే ఆయన, "వొద్దులేమ్మా, మేకులుండాయి, చీరకి పట్టుకుంటాయి" అన్నాడు. ఆటో అతను హారన్ కొడుతున్నాడు. వెళ్ళిపోయాను.

ఆ తర్వాత నాకు ధైర్యం వచ్చింది. పోవడానికి ఏమీ మిగలనప్పుడు వచ్చే ధైర్యం ఎంత ధాటిగా ఉంటుందో! గోడ గురించి, ఇసుక గురించి, అటుది ఇటు పొయ్యడం గురించి పేజీలకి పేజీలు రాసి పైవాళ్ళందరికీ పంపాను. పై ఆఫీసుకి పంపామని జవాబు వచ్చింది. ఏ పై ఆఫీసో నేటికీ తెలియదు. ఒక పత్రికకి వ్యాసం పంపాను. వేశారు. చోటు చాలక రెండో సగం తీసేశారు. మొదటి సగంలో భూమి వేడెక్కడం ఉంది, రెండో సగంలో గోడ ఉంది. ప్రాజెక్టు వాళ్ళు నన్ను పిలిచి శాలువా కప్పి, గాజు డాల్ఫిన్ ఒకటి చేతిలో పెట్టి, ఆరోగ్యం జాగ్రత్త అన్నారు. మా తీరంలో ఎవరూ అంతగా నవ్వుతున్న డాల్ఫిన్ని చూసి ఉండరు. దక్షిణపు పాళెం వాళ్ళు నా మీద మండిపడ్డారని విన్నాను. అక్క అల్లుడు అత్తగారికి ఫోన్ చేసి, మీ టీచరమ్మ మా గోడ మీద పడి ఏడవడం దేనికని అడిగాడట. అతని బోటు ఇప్పుడు అలల్లో తిరగబడకుండా ఒడ్డుకి వస్తోంది. అతను అట్లా అనడంలో తప్పు వెతకలేను.

ఇప్పటికీ ఎవరైనా, అయితే వాతావరణ మార్పు అంతా ఉత్తదేనా అని నన్ను అడుగుతారు. ఆ ప్రశ్న వింటే ఒళ్ళు మండుతుంది. ఉత్తది కాదు. సముద్రం వేడెక్కుతోంది, మట్టం పెరుగుతోంది, దానికి మనుషులే కారణం, మా మనవల కాలానికి ఈ తీరమంతా దాని దెబ్బ చూస్తుంది. అంత పెద్ద నిజం కాబట్టే దాని వెనక ఒక గోడ దాచడం అంత తేలికైంది. చిన్న అబద్ధం చాటున అయితే రాళ్ళు కనపడేవి.

పేపర్లో ఫొటో చూసిన నాలుగో రోజున కాలనీకి వెళ్ళాను. పాళెం జనానికి రోడ్డుకి అవతల, సముద్రానికి దూరంగా ఇళ్ళిచ్చారు. ఒకే రంగు, ఒకే కొలత, ఒకే కిటికీ. వలలు ఆరేసే చోటు లేక పిట్టగోడల మీద వేలాడదీశారు. అక్క ఇల్లు వెతుక్కోవాల్సి వచ్చింది. బాగా చిక్కిపోయింది, మొగుడు పోయిన ఏడు పోయాడట, ఆ కబురు కూడా నాకు చేరలేదు. నన్ను చూసి మొహం తిప్పుకుంటుందనుకున్నాను. పీట వేసింది, నీళ్ళిచ్చింది. రోజూ తెల్లారేసరికి షేర్ ఆటోలో దక్షిణపు పాళేనికి వెళ్ళి అక్కడి వేలం పాటలో చేపలు కొనుక్కుని ఊళ్ళ మీద అమ్ముకుంటోంది. "మా ఇసక మీదనే నిలబడి చేపలు పాడుకుంటాండా" అంది, ఎవరిదో సంగతి చెబుతున్నట్టు. నేను చెప్పాలనుకుని వచ్చిన మాటలు చాలానే ఉన్నాయి. క్షమించమన్న మాట కూడా ఉంది. అది గొంతు దాకా వచ్చేసరికి ఆమే మాట్లాడింది.

"పేపర్లో మా బావి వేసినారంట గదా. మనవడు ఫోన్లో చూపించినాడు. ఒకటి అడుగుతా టీచరమ్మా, తిప్పకుండా చెప్పు. ఆ ఒడ్డు మళ్ళా వస్తాదా?"

ఏళ్ళ తరబడి నేర్చుకున్న మాటలన్నీ వరసగా వచ్చి నోటి దగ్గర నిలబడ్డాయి. సగటున, సాధారణంగా, కొన్ని పరిస్థితుల్లో, పరిశీలన జరిగితే. వాటన్నిటినీ పక్కకి నెట్టాను.

"రాదు."

ఆమె తలూపింది. చేపల గంప బోర్లించి, అడుగున అంటుకున్న పొలుసులు గోటితో గీకుతూ, "రెండక్షరాలు" అంది. "చెప్పొచ్చునే."

ఇంకా కాసేపు కూర్చున్నాం. మనవడి చదువు గురించి చెప్పింది, నా మోకాళ్ళ నొప్పుల గురించి అడిగింది. బస్సు వేళవుతోందని లేస్తే వీధి చివరి దాకా వచ్చి సాగనంపింది. మళ్ళీ రమ్మని మాత్రం అనలేదు. బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఏళ్ళు లెక్కపెట్టుకున్నాను. ఆ పటం బల్ల మీద చూసిన రోజు నుంచి ఈ పీట మీద కూర్చున్న రోజు దాకా, ఒక్క సూటి మాట చెప్పడానికి నేను తీసుకున్న ఏళ్ళవి. నేను తీసుకున్నానని అంటున్నాను కానీ, అందులో ఒక్క ఏడూ నాది కాదు, అన్నీ ఆమె బతుకులోంచి పోయినవే.